కవల సాక్ష్యం

"నిద్రలో ఉలిక్కిపడి లేస్తారా?" మాజీ సైనికులనూ వాళ్ల కవలలనూ పోల్చి చూస్తున్న డాక్టరమ్మ బాలప్పను అడిగింది.

"లేస్తా మేడం."

"చేతులు వణుకుతాయా?"

"చెంబు కూడా నిలవదు."

బాలప్ప బెళుగుప్పలో వేరుశనగ చేను దాటి ఎరగడు. కవల అన్న పుల్లన్నే ఇరవై ఏళ్లు సరిహద్దులో సిపాయిగా చేసి ఈ జబ్బులన్నీ మోసుకొచ్చాడు. చిన్నప్పుడు ఒకరికి జ్వరమొస్తే అమ్మ ఇద్దరికీ కషాయం తాపేది. ఇప్పుడూ ఇద్దరూ ఒకటే చెబితే అన్న జబ్బును సర్కారు నమ్మి పరిహారమిస్తుందనుకున్నాడు బాలప్ప.

డాక్టరమ్మ పెన్ను మూసింది. "మిలిటరీకి పోని మీకూ ఉందంటే, ఇది అక్కడ వచ్చింది కాదు. మీ ఇద్దరికీ పుట్టుకతో వచ్చింది. అట్లాగే రాశాను."

బాలప్ప కుర్చీలోంచి లేచాడు. "లేదు మేడం! నేను అబద్ధం చెప్పినా. పండుకుంటే తెల్లారేదాకా లెయ్యను. నాకేమీ లేదు, వానికే ఉండాది. అంతా ఆడనే తగులుకున్నది."

"మీ అన్న కూడా మొదట నాకేమీ లేదనే అన్నాడు," ఆమె జాలిగా అంది. "మీ చేతులు చూసుకోండి."

బాలప్ప చూసుకున్నాడు. వణుకుతున్నాయి.