తెల్లబోయిన వత్సవాయి

"మా వత్సవాయికి తెల్లరంగు వేసిందెవరు బాబూ?"

జగ్గయ్యపేట కేబుల్ టీవీ ఆఫీసు గుమ్మంలో వంకాయరంగు చీరలో ఒక పెద్దావిడ. చేతిలో తడి గొడుగు.

కంప్యూటర్ ముందున్న వేదవ్యాస్ తల తిప్పలేదు. రోజూ రాత్రి ఏడింటికి మండలాల వాన మ్యాపు చూపించేది అతనే. మ్యాపులో ఒక్క తప్పు దొర్లినా ఆ టైములో చీరలకొట్టు ప్రకటన వేసేస్తానని ఓనరు కుటుంబరావు అప్పటికే బెదిరించి ఉన్నాడు.

"నేనే. తెలుపంటే చినుకు పడలేదని."

"పడిందిగా, మొన్న రాత్రి. అరవై రెండు పాయింట్ నాలుగు మిల్లీమీటర్లు."

"పాయింట్లు కూడానా! దేంతో కొలిచావమ్మా, బిందెతోనా?"

"గ్లాసుతో."

"టీ గ్లాసా, మజ్జిగ గ్లాసా?"

ఆవిడ కూడా నవ్వేసింది.

"ఏదో ఒక రంగు వెయ్యి బాబూ. నిన్న అందరం కూర్చుని చూశాం. మా ఊరొక్కటే ఎండిపోయినట్టుంది."

"ఏ రంగు వెయ్యమంటావు?" వేదవ్యాస్ ఓరకంట చూశాడు. "నీ చీర రంగా?"

"వెయ్యి. ఎన్ని ఉతుకులు ఉతికినా దిగలా ఇది."

"కంప్యూటర్ అబద్ధం చెప్పదమ్మా. వెళ్లిరా."

ఆవిడ గొడుగు దులుపుకుని బస్టాండు వైపు వెళ్లిపోయింది.

కుటుంబరావు మొహం గుర్తొచ్చి వేదవ్యాస్ ఫైలు తెరిచాడు.

వత్సవాయి: 62.4.

టైపు చేసింది తనే.

రంగుల పట్టిక తీశాడు. సున్నాకి తెలుపు. ఇరవై దాకా లేతపచ్చ, నలభై దాకా ముదురుపచ్చ, అరవై దాకా నీలం. ఆపైన ఏమీ లేదు. ఈ చుట్టుపక్కల అంతకన్నా వాన పడదని తనే తీర్మానించేశాడు. పట్టికలో చోటు దొరకని అంకెకి సాఫ్ట్‌వేరు తెలుపు పూసి చేతులు దులుపుకుంది.

'అరవై పైన వంకాయరంగు' అని రాశాడు. వత్సవాయి నిగనిగలాడింది.

ఫోన్ మోగింది. రోజూ వత్సవాయి వాన లెక్క చెప్పే మండలాఫీసు గుమాస్తా భారతీదేవి.

"ఇవాళ లెక్క కాస్త ఆలస్యమవుద్దండీ. వానగ్లాసులో గీతలు చూడ్డం కొత్తాయనకి చేతకావట్లా."

"మరి నిన్నటిదాకా ఎవరు చూశారండీ?"

"మా అటెండరు లూర్దమ్మ గారండీ, పద్దెనిమిదేళ్లుగా ఆవిడ కొలిస్తేనే నేను మీకు చెప్పింది, నిన్న రిటైరయ్యింది, తన ఆఖరి వాన ఏ రంగులో వస్తుందో చూద్దురుగాని రమ్మని మా ఆఫీసు మొత్తాన్నీ ఇంటికి పిలిచి టీవీ ముందు కూర్చోబెట్టింది!"