తేలేదాకా

"పదకొండు!" టెక్నీషియన్ ఎవాంజెలిన్ మైకు ఆపి తల పట్టుకుంది. "మళ్ళీ పదకొండుకే వదిలేసింది సార్."

తెర మీద నీలం గీత పైకి లేచింది, ఆకుపచ్చ పట్టీలో పదకొండంటే పదకొండే సెకన్లు నిలిచింది, దభీమని కింద పడింది. అది నాగులమ్మ ఊపిరి గీత. బారెడు మందం గోడకు అవతల, మిషన్ బల్ల మీద నాగులమ్మ ఒంటరిగా పడుకుని ఉంది. గోడకి కిటికీ కూడా లేదు. కెమెరాలో చూస్తే ఆమె అరికాళ్ళు వణుకుతున్నాయి.

ఎడమ రొమ్ములో గడ్డ తీసేసి నెలన్నర అయింది. ఇప్పుడక్కడ కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాలి. ఛాతీ నిండా గాలి పీల్చి ఇరవై ఐదు సెకన్లు బిగబడితే చాలు, గుండె వెనక్కి జరుగుతుంది, మంచి ఊపిరితిత్తిలో కాలే ముక్క బాగా తగ్గుతుంది. బిగబట్టలేనివాళ్ళకు మామూలు పద్ధతి ఉండనే ఉంది. రోగం దానికీ లొంగుతుంది. కాకపోతే ఏ పాపమూ ఎరగని ఊపిరితిత్తి ఇంకాస్త మాడుతుంది, ఆర్నెల్లకో ఏడాదికో పొడిదగ్గూ ఆయాసమూ పట్టుకోవచ్చు. అందరికీ రాదు. వచ్చినవాళ్ళను మాత్రం ఎవాంజెలిన్ చూసింది. నాలుగు మెట్లెక్కి గోడ పట్టుకుని నిలబడిపోతారు. పడవలో తెడ్డేసి బతికే మనిషికి ఆ ఆయాసం వస్తే ఇంకేమన్నా ఉందా!

"వారం నుంచి నేర్పిస్తున్నావు," అన్నాడు డాక్టర్ మధుబాబు గడియారం చూసుకుంటూ. ఆయన చెడ్డవాడేం కాదు, విసిగిపోయాడంతే. "ఇంకొక్కసారి చూడు. గీత నిలిస్తే కరెంటు పెట్టెయ్. నిలవకపోతే మామూలు ప్లానే. బయట పద్నాలుగు మంది కూర్చుని ఉన్నారు."

అప్పుడే తలుపు సందులోంచి ఒక తల లోపలికొచ్చింది. నాగులమ్మ మొగుడు చిన్నపోలయ్య. పులికాట్ సరస్సులో మొగుడూ పెళ్ళాం ఇద్దరే ఒక పడవ, ఒక వల.

"అయిపోయిందా మేడం?"

"ఏం అవుతుందన్నా! మీ ఆమె ఊపిరి నిలపడం లేదు. ఇంట్లో ప్రాక్టీస్ చేయించమన్నానా లేదా?"

"చేయించినా మేడం. ఇంట్లోనూ పదికే వదిలేస్తాది. పడవ మీదైతే బిగబడతాది. నాకంటే ఏం తక్కువ కాదు."

"పడవ మీదా? అక్కడ దేనికి బిగబడుతుంది?"

"ఎవాంజెలిన్, టైం!" అన్నాడు డాక్టర్.

చిన్నపోలయ్య రెండు చేతులూ జోడించాడు. "ఆ మైకులో నన్నొక మాట చెప్పనీండి సార్. ఒకే ఒక్క మాట. మీకు పుణ్యముంటాది."

డాక్టర్ కానీ అన్నట్టు చెయ్యూపాడు. ఎవాంజెలిన్ మైకు వేసి కుర్చీ అతని వైపు జరిపింది. చిన్నపోలయ్య కూర్చుని, గొంతు సవరించుకుని, మైకులోకి వంగాడు.

"మే నాగులూ, వల గుంజకు తగులుకునింది. నేను మునగతా ఉండా."

అంతే. చెప్పేసి వెనక్కి వాలాడు. ఇదెక్కడి చోద్యం అనుకుంది ఎవాంజెలిన్. పెళ్ళానికి ధైర్యం చెప్తాడనుకుంటే వల సంగతి చెప్తాడేంటి ఈ మహానుభావుడు! ఆ అనుకోవడం పూర్తికాకముందే నీలం గీత జివ్వున లేచింది. ఆకుపచ్చ పట్టీలో మేకు కొట్టినట్టు నిలిచింది.

ఎవాంజెలిన్ గబుక్కున మీట నొక్కింది. మిషన్ గుంయ్‌మంది. పది. పదకొండు. పన్నెండు! ఆమె తెర దగ్గరికి జరిగింది. డాక్టర్ కూడా తెర మీదికి వంగాడు. ఇరవై. ఇరవై ఐదు! కరెంటు ఆగింది.

"శభాష్ నాగులమ్మా! చాలు, వదిలెయ్!" మైకులో అరిచింది.

గీత దిగలేదు.

"నాగులమ్మా, అయిపోయింది! ఊపిరి తీసుకో!"

ముప్పై ఐదు. నలభై. గీత ఎక్కడున్నది అక్కడే ఉంది. కెమెరాలో అరికాళ్ళు కూడా కదలడం లేదు. ఎవాంజెలిన్ పైప్రాణాలు పైనే పోయాయి. దేవా, ఆగిపోయింది తెరా, మనిషా?

"తలుపు తియ్! ముందు తలుపు తియ్!" డాక్టర్ కుర్చీ తోసేసి లేచాడు. మిషన్ గదికున్న ఆ దిక్కుమాలిన బరువు తలుపు ఎవరి కొంప మునిగినా తన తీరికలో తానే జరుగుతుంది. ఎవాంజెలిన్ మీట నొక్కింది, అది మూలుగుతూ కదిలింది. యాభై.

"అన్నా, నువ్వన్నా పిలువన్నా!" అంటూ వెనక్కి తిరిగింది.

చిన్నపోలయ్య కుర్చీలో బిర్రబిగుసుకుపోయి, కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు వేళ్ళతో ముక్కు నొక్కి పట్టుకుని ఉన్నాడు. బుగ్గలు ఉబ్బిపోయాయి, మెడనరాలు పొంగాయి, మొహం కందగడ్డలా ఉంది. ఇంతసేపూ అతని వంక చూసినవాళ్ళే లేరు.

ఆమె అతని భుజం పట్టి కుదిపేసింది. "అన్నా! అయిపోయిందన్నా!"

చిన్నపోలయ్య బుస్సున గాలి వదిలి మైకు మీద పడ్డాడు. "తేలినా మే నాగులూ! తేలినా!"

నీలం గీత దిగింది.

తలుపు మనిషి పట్టేంత తెరుచుకోగానే ఎవాంజెలిన్ లోపలికి పరిగెత్తింది. నాగులమ్మ బల్ల మీద రొప్పుతోంది. కళ్ళు బాగానే ఉన్నాయి, మనిషి బాగానే ఉంది. అది చూశాక ఎవాంజెలిన్‌కు కోపమూ ఏడుపూ కలిసి ముంచుకొచ్చాయి.

"వదులు వదులు అని నేను గొంతు చించుకుంటుంటే నీకు వినపడలేదా? మా ప్రాణాలు తోడేశావు కదమ్మా!"

"వినపడింది మేడం." నాగులమ్మ తల తిప్పి తలుపు వైపు, మొగుడి కోసం చూసింది. "ఆయన ఇంకా నీళ్ళలోనే ఉండె గదా. నాకు ఊపిరెట్టాడతాది?"