హాజరు పట్టీ

"అక్కడ అసలు ఊరే లేదని చెప్పండి, చాలు. ముసలావిడ సంగతి దాంతోనే తేలిపోతుంది," అన్నారు మంత్రిగారు ఫోన్లో.

"ఆవిడ వచ్చి హాల్లో కూర్చుంది సార్," అన్నాడు రాయబారి గొంతు తగ్గించి.

"కూర్చోనివ్వండి, మనకేం? ఇప్పటి పటంలో ఆ ఊరుందా? లేదు. మరి లేని ఊరికి గొడవేమిటి? అన్నట్టు, మీ పదవి పొడిగింపు ఫైలు నా బల్ల మీదే ఉంది. గుర్తుందిగా?"

ఫోన్ పెట్టేశారు.

అణ్వాయుధాల నిషేధ ఒప్పందం మీద చర్చకి ఆ రోజే ఆఖరు. అణు పరీక్షల వల్ల పాడైపోయిన ఊళ్ళ జాబితా ఒకటి ఒప్పందం చివర చేరుస్తున్నారు. జాబితాకెక్కిన ఊరివాళ్ళకి బతికున్నంత కాలం వైద్యం. ఏ దేశమైనా లేచి 'అక్కడ మనుషులే లేరు' అంటే, అవతలివాళ్ళు రుజువు చూపించాలి. చూపించలేకపోతే ఆ ఊరు కొట్టివేత. రాయబారి చెయ్యాల్సిందల్లా మూడు వాక్యాలు చదవడమే. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఇంతకన్నా పెద్ద అబద్ధాలే చదివాడు. ఈ కాగితాన్ని మాత్రం పొద్దుట్నుంచీ మడుస్తున్నాడు, విప్పుతున్నాడు.

"అంత ఆలోచనెందుకు సార్?" అంది పక్కనున్న కార్యదర్శి. "అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది బాగానే అతికింది. అక్కడ ఓ బోడిగుట్ట తప్ప ఇంకేముందని?"

"రెండు గుట్టలు," అన్నాడు రాయబారి. వెంటనే గ్లాసెత్తి గటగటా నీళ్ళు తాగేశాడు.

అతని వంతు వచ్చింది. చదివాడు. "పరీక్ష జరిగిన చోటు నిర్జన ప్రదేశం. అక్కడ ఏనాడూ ఏ ఊరూ లేదు. ఏ మనిషికీ హాని జరగలేదు." గొంతు ఎక్కడా వణకలేదు. చదివిన మాటకన్నా, గొంతు వణకనందుకే అతనికి ఎక్కువ సిగ్గేసింది.

"టీచరుగారూ, మీకు మూడు నిమిషాలు," అన్నాడు అధ్యక్షుడు. "రుజువేమైనా ఉంటే చూపించండి."

వెనక వరసలోంచి ముసలావిడ లేచి, గోడ పట్టుకుని మైకు దగ్గరికి వచ్చింది. కళ్ళజోడుకి ఒక కాడ లేదు, దారం కట్టుకుంది. ఎదురుగా ఎవరున్నారో ఆవిడకి ఆనలేదు. గుడ్డసంచీలోంచి అట్ట ఊడిన పొడుగాటి పుస్తకం తీసింది.

"ఊరు లేదన్న పెద్దమనిషికి ఓ దండం. మరి లేని ఊళ్ళో బడెవరు పెట్టారు నాయనా? ఇది మా బడి హాజరు పట్టీ. పరీక్ష జరిగిన రోజు పొద్దున అటెండెన్స్ తీసుకుని, పై ఆఫీసరు సంతకం కోసం దీన్ని పట్టుకుని పట్నం వెళ్ళాను. ఇదిగో సంతకం, ఇదిగో విద్యాశాఖ ముద్ర, ఆ రోజు తారీఖే. తిరిగొచ్చేసరికి దారి మూసేశారు. మధ్యాహ్నం బెల్లయ్యాక పిల్లలు ఆడుకుంటుంటే పైనుంచి బూడిద రాలిందట. చేతులు చాపి పట్టుకున్నారట పిచ్చితండ్రులు. రెండేళ్ళలో ఆ పిల్లలందరూ పోయారు. ముందు ఊరు ఖాళీ చేయించడం మర్చిపోయారు, తర్వాత ఊర్నే మర్చిపోయారు."

రాయబారికి తల కొట్టేసినట్టయింది. బల్ల మీది కాగితాన్ని బోర్లా తిప్పి పెట్టాడు.

"సార్, కొంప మునిగింది," కార్యదర్శి అతని చెవిలో గొణిగింది. "అది దొంగముద్ర అని అభ్యంతరం చెప్పండి. ఒక్క మాట చాలు." అతను కదలకపోయేసరికి, తనే చెయ్యి చాచి అతని మైకు మీట నొక్కింది. ఎర్రదీపం వెలిగింది.

టీచరమ్మ పుస్తకాన్ని ముక్కుకి ఆనించుకుంది. "రోల్ నంబర్ ఒకటి!" అని పిలిచి ఆగింది. ఎవరూ పలకలేదు. "రెండు!" మళ్ళీ ఆగింది. "మూడు!"

గాజు గదుల్లో కూర్చున్న అనువాదకులు మొదట్లో ఆ నంబర్లు అనువదించారు. తొమ్మిది దాటాక వాళ్ళూ మానేశారు. మూడు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. అధ్యక్షుడు గంట మీదినుంచి చెయ్యి తీసేశాడు. ప్రతి నంబరుకీ ఆవిడ తలెత్తి చూస్తోంది, జవాబు రావడానికి ఎంత సమయం పడుతుందో అంతసేపూ ఆగుతోంది, మళ్ళీ తల దించుతోంది. రాయబారి తలెత్తనే లేదు.

"ముప్ఫై ఒకటి!" అని పిలిచి, పుస్తకం మూసింది. "మధ్యలో పద్నాలుగో నంబరు వదిలేశాను, మర్చిపోయి కాదు. ఆ రోజు వాడొక్కడే ఆబ్సెంట్. లెక్కలు చెయ్యలేదు, నా బెత్తానికి భయపడి తెల్లారకుండానే మొదటి బస్సెక్కి మేనత్త ఊరికి ఉడాయించాడు, దొంగభడవ. మళ్ళీ నా కంటపడలేదు. వాణ్ణి ఏమీ అనను బాబూ. వాడొక్కడైనా ఎక్కడో చల్లగా ఉన్నాడనుకుంటేనే నాకు కాస్త కునుకు పడుతుంది."

"సార్, చెప్పండి! దొంగముద్ర అనండి!" కార్యదర్శి మోచేత్తో పొడిచింది. "మైకు ఆన్‌లోనే ఉంది."

రాయబారి లేచి నిలబడ్డాడు. కోటు గుండీ పెట్టుకోబోయి మానేసి, చేతులు కట్టుకున్నాడు.

"ప్రెజెంట్, టీచర్," అన్నాడు.