ఊహాసుందరి చిరునామా

"సభలో ఎవరికైనా సందేహాలుంటే అడగవచ్చు," అన్నాడు పరీక్షకుడు.

పీహెచ్‌డీ మౌఖిక పరీక్షలో అది మాటవరసకు అనే మాట. ఎవరూ ఏమీ అడగరు. అప్పటికే అందరి చూపూ వెనక బల్ల మీది టీ కప్పుల మీద ఉంటుంది.

"నాకుంది," అంది ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ.

గైడు చటుక్కున అటు తిరిగాడు. ఏ కవి మీద ఈ పరిశోధన జరిగిందో, ఆ కవిగారి భార్య ఆవిడ. ఆయన పోయి రెండేళ్లయింది. ఆవిడొస్తే సభకి నిండుగా ఉంటుందని ఫోన్ చేసి పిలిచింది గైడే. పాపం, అందరికంటే ముందే వచ్చి కూర్చుంది.

"అబ్బాయ్, ఇందాక అందరూ చప్పట్లు కొట్టారే, ఆ ముక్క మళ్లీ చదువు."

పరిశోధకుడు గొంతు సవరించుకున్నాడు. ఆ ఒక్క అధ్యాయానికే డిగ్రీ ఇవ్వొచ్చని పరీక్షకుడు మెచ్చుకున్న ముక్క అది.

"'ఈ భావకవి ప్రేయసి ఏ ఊళ్లోనూ లేదు. ఒక పాదం సాగిపోతుంటే, రెండోది నేలను వదల్లేక ఆలస్యంగా వచ్చే ఆ నడక మానవ స్త్రీది కాదు. ఎగరాలనుకునే ఊహకూ, పోనివ్వని భూమికీ మధ్య పెనుగులాటకు అది ప్రతీక. గుమాస్తా ఉద్యోగం, ఇరుకు గది, కవిత్వం పట్టని భార్య... వీటి మధ్య ఆయన కేవలం ఊహాశక్తితో ఆమెను సృష్టించుకున్నాడు.'"

"అబద్ధం. ఆ మనిషి ఉంది."

హాల్లో అందరూ టీ సంగతి మర్చిపోయారు.

"అమ్మా, భావకవుల ప్రేయసులంతా ఊహలేనమ్మా," గైడు బతిమాలాడు. "పోయిన మహానుభావుడి పేరు ఎందుకండీ ఇప్పుడు..."

"ఆయన పేరుకేం కాదు. నలభై ఏళ్లు ఆ నడక చూస్తూ రాశాడు. నాకు తెలుసు."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఈ వయసులో సవతి పోరేమిటని ఇంకెవరో గొణిగారు. ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

"మా ఇంటికి ఎనిమిదిసార్లు వచ్చావు," అంది పరిశోధకుడితో. "వచ్చినప్పుడల్లా వంటింట్లోంచి కాఫీ తెచ్చి నీ చేతికిచ్చాను. ఒక్కసారి తలెత్తావా? ఆయన నోటు పుస్తకాల్లోంచి కళ్లు తీస్తే ఒట్టు! నువ్వా నాకు కవిత్వం పట్టదని రాసేది?"

పరిశోధకుడి చెవులు ఎర్రబడ్డాయి. ఐదేళ్ల కష్టం. సంతకానికి పెన్ను మూత తీసిన పరీక్షకుడు మళ్లీ మూత పెట్టేశాడు. అది చూశాక కుర్రాడికి ఉక్రోషం ఆగలేదు.

"ఉందంటే సరిపోదు మేడమ్, రుజువు కావాలి. ఎవరావిడ? ఎక్కడుంటుంది? ఏదీ, అందరి ముందూ చూపించండి!"

"బాబూ, నోరు అదుపులో పెట్టుకో," గైడు కసిరాడు.

"కసరకండి. అడగాల్సిన మాట ఇన్నాళ్లకి అడిగాడు."

ఆవిడ కళ్లజోడు తీసి సంచిలో పెట్టుకుంది.

"చూపిస్తాను. ఈసారైనా తలెత్తు," అంటూ కుర్చీ చేతుల మీద బరువు మోపి లేచి, కుడి పాదం ముందుకు వేసి, వెనకబడ్డ ఎడమ పాదాన్ని నేల మీద ఈడ్చుకుంటూ వేదిక వైపు నడిచింది.