మల్సూరుకు చావు డప్పు

ఎడిటింగ్ గదులు మూతబడి చాలా కాలమైంది. ఇప్పుడు సినిమాను కంప్యూటరే కూరుస్తుంది. దర్శకుడి పాత సినిమాలన్నీ చూసి, ఆ తీరులోనే, లేని సీన్లు కూడా పుట్టిస్తుంది.

ఝాన్సీ పేరు తెచ్చుకున్నది నరుకుళ్ల సినిమాలతో. మనసు కోసం సంగీత డాక్యుమెంటరీలు తీస్తుంది. కంప్యూటర్ కూర్చిన ఆ సినిమాను మొదటిసారి, అందులోని కళాకారుడి ఇంట్లోనే, అతనితో కలిసి చూడటం ఆమె ఆనవాయితీ. డప్పు కొట్టే మల్సూరు మీద తీసినదాన్నీ అలాగే అతని ఇంటి గోడ మీద వేసింది.

తెర మీద మల్సూరు, తోలు బిగిసేలా మంట దగ్గర డప్పు కాచాడు. మొదటి దరువుకే ఒక గొడ్డలి అతని భుజంలో దిగింది. దరువు దరువుకీ ఒక వేటు. డప్పు తోలంతా నెత్తురు. చివరి దరువుకి తల తెగి మంటలో పడింది.

"తాతా, ఇది నేను తియ్యలే!" ఝాన్సీ గబుక్కున లేచింది.

"నీ సినిమాలన్నీ సూసిన బిడ్డా. నరికే తీరు నీదే."

మల్సూరు లేచి, వాకిట్లో గడ్డి అంటించి డప్పు కాచుకొచ్చాడు.

"ఇప్పుడెందుకు తాతా?"

"సచ్చినోనికి కొట్టొద్దా?"

తెర మీది తన శవం ముందు నిలబడి చావు డప్పు అందుకున్నాడు. ఝాన్సీ చెయ్యి అలవాటుగా కెమెరా మీదికి పోయింది.

మల్సూరు దరువు ఆపకుండానే అన్నాడు.

"తియ్యి బిడ్డా. ఇంకోసారి సంపుదువు."