ఆముదం పైన నాలుగు పంక్తులు

ఆ రోజు మునికృష్ణప్ప చేయవలసిన పనులు ఇవి: ఆముదం మీద రాసిన వ్యాసంలో తప్పులు దిద్దాలి. తోక లేకుండా వచ్చిన ఆవు బొమ్మకు తోక గీయించాలి. గాయకుడు ఆంజనేయప్ప గురించి తాను రాసిన నాలుగు పంక్తులకు సంపాదకులిద్దరి చేతా సంతకాలు చేయించాలి. ఆ కాగితాలన్నీ సాయంత్రం బస్సులో చిక్కబళ్లాపురం అచ్చాఫీసుకు పంపాలి.

మొదటి రెండూ మధ్యాహ్నానికే అయిపోయాయి. మూడోదాని దగ్గర బండి ఆగింది.

చింతామణిలో శ్రీరామయ్యగారి నూనె మండీ మిద్దె మీద ఒక విజ్ఞాన సర్వస్వం తయారవుతోంది. ఖర్చు తనది కాబట్టి శ్రీరామయ్యగారే ప్రధాన సంపాదకులు. రెండో సంపాదకులు వెంకటరామప్పగారు, రిటైరైన స్కూలు ఇన్‌స్పెక్టరు. మునికృష్ణప్ప, బి.ఏ., వాళ్ళకు సహాయకుడు. ఆంజనేయప్ప మీది నాలుగు పంక్తులే అతని చేతి నుంచి అచ్చుకు పోబోయే మొదటి రాత. చదివేవాళ్ళను ఊరించడానికి మొదటి పంక్తి ఇలా రాశాడు: "ఒకే రాత్రి మూడుసార్లు చచ్చి, మూడుసార్లూ లేచి పాడిన గాయకుడెవరో మీకు తెలుసా?"

వెంకటరామప్పగారు కళ్ళజోడు తీసేశారు.

"చచ్చినోడు లేచి పాడేదేమిటప్పా? ఇది సర్వస్వమా, దయ్యాల కథా? దీనికి పురావె, సాక్ష్యం యాడుండాది?"

మునికృష్ణప్ప ఓపికగా విడమరిచాడు. సంగీత నాటకాల్లో ఆంజనేయప్పది యుద్ధంలో పడిపోయే వీరుడి వేషం. పద్యం పాడి, ఆఖరి రాగాన్ని ఒక్క ఊపిరిలో ఊరి పొలిమేర దాకా సాగదీసి, ప్రాణం విడుస్తారు. జనం "ఒన్స్‌మోర్" అంటారు. శవం లేస్తుంది, భుజాల దుమ్ము దులుపుకుంటుంది, పద్యమంతా మళ్ళీ పాడి మళ్ళీ చస్తుంది. డబ్బిచ్చి కూర్చున్న జనం అడిగాక చచ్చినట్టే పడి ఉండడం మర్యాద కాదు.

శ్రీరామయ్యగారు ఆ నాటకం తాను కళ్ళారా చూశానన్నారు. మొదటిసారి చచ్చినప్పుడు ఏడ్చారట. మూడోసారికి ఆకలేసిందట.

"నువ్వే సంపాదకుడు, నువ్వే సాక్షివి అంటే కుదరదు శ్రీరామయ్యా" అన్నారు వెంకటరామప్పగారు. తర్వాత అసలు సంగతికి వచ్చారు. "ఆయప్ప ఇంకా ఉండాడా?"

"ఉండారు సార్. బాగేపల్లిలో నిక్షేపంగా ఉండారు."

"అయితే కొట్టెయ్."

నియమం అలాంటిది. "అ" సంపుటంలో బతికున్న హరికథకుడు ఒకాయనకు చోటిస్తే, ఆయన రోజూ వచ్చి ఇంకో బిరుదు చేర్చమని మెట్ల మీద కూర్చునేవాడు. అప్పటి నుంచి చనిపోయినవాళ్ళకే చోటు. ఈ చుట్టుపక్కల వాళ్ళయితే సంపాదకులిద్దరూ స్వయంగా వెళ్ళి చూసి రావాలి.

ఖాళీ అయ్యే నాలుగు పంక్తులూ కింద ఉన్న ఆముదానికే ఇచ్చేద్దామని శ్రీరామయ్యగారు అన్నారు. విచారంగానే అన్నారు గాని, వెంటనే అన్నారు.

మునికృష్ణప్పకు దిక్కు తోచలేదు. పుస్తకంలో పేరు పడుతుందని ఆంజనేయప్పకు ముందే చెప్పేశాడు. ఆ దంపతులు వీధంతా చెప్పుకున్నారు. ఆ ఒక్క పుట గురువారం బస్సు దాకా ఆపమని బతిమాలుకుని, ఈ కబురు తానే నోటితో చెప్పి వస్తానని బాగేపల్లి వెళ్ళాడు.

గురువారం పొద్దున బస్సు కండక్టరు ఇంకో కబురు తెచ్చాడు. ఆంజనేయప్ప పోయాడు.

మునికృష్ణప్ప తల ఎత్తలేదు. ఆముదం పుట వైపు చూస్తూ కూర్చున్నాడు. సంపాదకులిద్దరూ అతన్ని వెంటబెట్టుకుని అదే బస్సెక్కారు.

బాగేపల్లిలో ఆంజనేయప్పను అరుగు మీద పడుకోబెట్టి తులసిమాల వేశారు. భార్య యశోదమ్మ తల దగ్గర కూర్చుని కొంగుతో ముఖం కప్పుకుంది. బంధువులింకా రాలేదు. మునికృష్ణప్ప నేల చూస్తూ, తిరుగు బస్సు తప్పిపోతుందని, చూసేదేదో త్వరగా చూడమని తొందరపెట్టాడు.

వెంకటరామప్పగారు తొందరపడే మనిషి కాదు. శవం ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టి, రెండో చేతిలో గడియారం పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. గాలి తగల్లేదు. తృప్తిగా కాగితం తీసుకుని సంతకం పెట్టారు.

"పాపం, పెద్ద గాయకుడే. నువ్వు గూడా వెయ్యప్పా" అని కలం శ్రీరామయ్యగారికి ఇచ్చారు.

శ్రీరామయ్యగారు కలం పట్టుకున్నారు గాని రాయలేకపోయారు. ఆయన కళ్ళు నిండిపోయాయి. ఆ పందిరి, ఆ దీపాలు, ఆ పద్యం అన్నీ గుర్తుకొచ్చినట్టున్నాయి. శవం పాదాల దగ్గర నిలబడి, చాలా మెల్లగా, తనలో తాను అనుకున్నట్టుగా అన్నారు.

"ఒన్స్‌మోర్."

శవం లేచింది. భుజాల మీది తులసి ఆకులు దులుపుకుంది. చెవికి చెయ్యి ఆనించి పద్యం ఎత్తుకుంది. ఆఖరి రాగం వీధి దాటి పోయి తిరిగి వచ్చేదాకా ఎవరూ కదల్లేదు. అది ముగిశాక ఆంజనేయప్ప మాల సర్దుకుని పడుకుని, పద్ధతిగా మళ్ళీ చచ్చిపోయారు.

యశోదమ్మ కొంగు తీసి మునికృష్ణప్ప వైపు తిరిగింది.

"నేను అప్పుడే చెప్పలేదా నాయనా, ఆ మాట చెవిన బడితే ఈయప్ప పడుకోలేడని?"

వెంకటరామప్పగారు న్యాయమైన మనిషి. కాగితం వెనక్కి తీసుకుని, "చచ్చి లేచి పాడుట నిజమే, నేను చూశాను" అని మొదటి పంక్తి పక్కన రాసి మళ్ళీ సంతకం పెట్టారు. ఆ తర్వాత, మనిషి బతికున్నాడు కాబట్టి, నాలుగు పంక్తులూ కొట్టేశారు.

"ఆ" సంపుటం అచ్చయి వచ్చింది. ఆవుకు తోక ఉంది. ఆముదం నిండుగా ఉంది. ఎప్పుడైనా ఆ పుట తెరిస్తే, దాని పైన ఉండవలసిన ఆంజనేయప్పగారిని మీరైనా ఒకసారి తలుచుకోండి. తలుచుకుంటే చాలు, పైకి మాత్రం ఏమీ అనకండి.