నాలుగో జంపర్

"బాగుచేస్తానని మాత్రం అనకు. ఊడబీకి పట్టుకుపో!" అంది నీబియా, కొడుకు గది గుమ్మంలోనే నిలబడి.

ఎద్గార్దో తల వంచుకుని లోపలికి నడిచాడు. బల్ల మీద ఆమె కొడుకు, తన నేస్తం లీబెర్ కంప్యూటర్, పక్కన నాలుగు మోడెములు, వాటి మీద మూడు నెలల దుమ్ము. మోంతెవిదేయో కుర్రకారంతా ఒకప్పుడు ఫోన్ తీగల మీదుగా ఈ డబ్బాలోకే వచ్చి కబుర్లు రాసుకునేవాళ్లు.

"అత్తా, నేను..."

"అత్తా లేదు గిత్తా లేదు. మూడు లైన్లు చాల్లేదూ మీకు? నా ఇంటి ఫోను కూడా దీనికి తగిలించిందెవరు?"

"నేనే."

"ఆస్పత్రి వాళ్లు మూడుసార్లు చేశారట. ఈ దయ్యమే ఎత్తి వాళ్ల చెవిలో కీచుమని ఉంటుంది. పోలీసు వచ్చి తలుపు తట్టేసరికి అంతా అయిపోయింది. వాడు నన్నే అడుగుతూ పోయాడట్రా! నేనెక్కడున్నాను? ఆస్పత్రికి మూడు వీధుల అవతల, ఈ ఇంట్లోనే!"

కంప్యూటర్ లోపలి కార్డు మీద స్విచ్చులు సర్ది, నాలుగో లైనుకి జంపర్ తొడిగింది ఎద్గార్దో చేతులే. గోరంత ప్లాస్టిక్ ముక్క అది. రెండు పిన్నుల్నీ కలిపి తొడిగితే లైను పనిచేస్తుంది, తీస్తే లేదు. మూడు నెలలుగా తిన్న తిండి అతని వంటికి పట్టడం లేదు.

మూత విప్పి, కార్డు లాగి, కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. మూడు జంపర్లు రెండేసి పిన్నుల మీద బుద్ధిగా కూర్చున్నాయి. నాలుగోది ఒక్క పిన్నుకే వేలాడుతోంది.

వద్దనుకున్న జంపర్ పోకుండా ఇలా ఒంటి పిన్నుకి తగిలించడం లీబెర్ అలవాటు. గబగబా మూత తిప్పి చూశాడు. స్విచ్చుల అమరికలు రాసుకునే కాగితం లోపల అతికించి ఉంది. అడుగున లీబెర్ కోడిగీతలు.

"12 మే, పొద్దున. నాలుగో లైను తీసేశా. అమ్మ ఫోను అమ్మకే. సాయంత్రం చెప్పాలి."

మే పన్నెండు. మధ్యాహ్నం వానలో లీబెర్ బైకు జారిన రోజు.

"అత్తా, చూడు! ఆ పొద్దున్నే వాడు నీ ఫోను వదిలేశాడు! జంపర్ లేకపోతే మోడెం ఎత్తనే ఎత్తదు. ఈ మోడెం చేసింది కాదత్తా, నేను చేసింది కాదు! ఆస్పత్రి ఫోను మామూలుగా మోగే ఉంటుంది..."

ఆమె ముఖం చూసి చటుక్కున ఆగిపోయాడు. ఎందుకు నోరు విప్పానా అనిపించింది.

నీబియా కాగితం మీదికి వంగింది. కొడుకు అక్షరాల మీద ఆమె వేలు నిలిచిపోయింది. బయట ఆ రోజులాగే వాన. పక్కింట్లో తోర్తా ఫ్రీతా పిండిరొట్టెలు వేయిస్తున్న వాసన కిటికీలోంచి వస్తోంది. వాన పడితే అక్కడ ఏ ఇంట్లోనైనా అదే వంట. ఈ ఇంట్లో మాత్రం మే తర్వాత మూకుడు పొయ్యెక్కలేదు.

"మోగింది రా," అంది. "మూడుసార్లూ మోగింది. తడిసొస్తాడని పిండి కలుపుతున్నాను. 'నువ్వు ఎత్తకమ్మా, మోడెం ఎత్తుకుంటుంది' అని రోజూ చెప్పేవాడు కదా... ఎత్తలేదు."